ఇంటిచూరు

పడమటి కనుమల అంచున, తమిళనాడులోని తేని జిల్లాలో కంబం లోయ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద చెరువుకు పేరుపడిన కంభం వేరు, ఇది వేరు. 1996 వరకు ఈ సీమ మధుర జిల్లాలో భాగంగా ఉండేది. కొండలకు ఆవల కేరళ. వానమబ్బులు అక్కడే ఎక్కువగా కురిసి, ఇటు వచ్చేసరికి తేలికపడతాయి. 1895లో పెరియారు ఆనకట్ట పూర్తయి, కొండను తొలిచిన సొరంగం గుండా నీరు ఇటు మళ్లిన తరువాత లోయ పచ్చబడింది. వరిమళ్లు, కొబ్బరితోటలు, ద్రాక్షపందిళ్లు, వాటి వెనుక నీలికొండలు! చూచేవారికి కథల పుస్తకంలోని బొమ్మవలె తోస్తుంది.

విజయనగర రాజుల కాలంలోను, మధుర నాయకరాజుల కాలంలోను తెలుగువారు ఎందరో మధుర, కోయంబత్తూరు సీమలకు వచ్చి స్థిరపడ్డారు. పల్లెల్లోని పాత ఇంటిని ఒకసారి పరిశీలించండి. గోడలు మట్టివి, మూరెడు మందం. అందుచేత ఎండవేడి తొందరగా లోపలికి చేరదు. దూలాలపై వాసాలు పరచి, తాటాకో పెంకులో కప్పుతారు. చూరు బాగా కిందికి దిగి ఉంటుంది. తలవంచితేగాని లోపలికి పోలేము! అది మర్యాద కోసమని పెద్దలు చమత్కరిస్తారు. నిజానికి వాన జల్లు తగిలితే మట్టిగోడ కరుగుతుంది. చూరు దానికి గొడుగు. ఆ చూరునీడలోనే తిన్నె. బాటసారి అలసట తీర్చుకొనేదీ, ముసలివారు కబుర్లాడుకొనేదీ అక్కడే. ధాన్యానికి వెదురు గాదె ఉండేది. దానిని పేడమట్టితో మెత్తి, ఎలుకలూ తేమా చేరకుండా రాళ్లపై నిలిపేవారు.

ఇక్కడికి ఎన్నో వేల మైళ్ల దూరాన, మంచుదేశమైన నార్వేలో రైతులు కూడా ధాన్యపు కొట్టును పొట్టి స్తంభాలపై నిలిపారు. దానిని ‘స్తబ్బుర్’ అంటారు. ఎలుక అక్కడా ఎలుకే కదా! వారి ఇళ్లు దుంగలతో కట్టినవి. కప్పుపై భూర్జచెట్టు బెరడును పొరలుగా పరచి, దానిపై గడ్డితో సహా పెళ్లగించిన మట్టిపెళ్లలు పేరుస్తారు. బెరడు నీటిని ఆపుతుంది, మట్టి చలిని ఆపుతుంది. వేసవిలో ఇంటికప్పు మీద గడ్డిపూలు పూస్తాయి. మన పూర్వులు గ్రంథాలు రాసుకొన్న భూర్జపత్రం కూడా ఈ జాతి చెట్టుదే.

దుంగల ఇంటిని విప్పి, మరొకచోట తిరిగి కూర్చవచ్చు. 1894లో స్థాపించిన ఓస్లో జానపద ప్రదర్శనశాలకు పాత ఇళ్లను అలాగే తరలించి కాపాడుకొన్నారు. మట్టిగోడకు ఆ వీలు లేదు. చెన్నై సమీపంలో 1996లో ప్రారంభమైన దక్షిణచిత్రలో దక్షిణాది ఇళ్లను నిలిపారు. విశాఖ ప్రాంతపు చుట్టిల్లు కూడా అక్కడ ఉంది. కొయ్యసామానునైతే మోసుకొని పోవచ్చుగాని, మట్టిగోడను పనివారు మళ్లీ మెత్తవలసిందే.

పల్లెల్లో మట్టి ఇళ్లు పోయి దాబా ఇళ్లు వస్తున్నాయి. ఏటేటా కప్పు మార్చే బాధ తప్పింది. వానాకాలపు భయమూ తీరింది. ఇది కాదనలేని సుఖమే. అయితే వాసం, నిట్టాడి, గాదె, ఉట్టి వంటి తెలుగుమాటలు ఆ ఇంటిలోనే ఉండేవి. తెలుగు అక్షరం కనబడని ఊళ్లలో ఇటువంటి మాటలు ఇంటితోపాటే పోతాయి. వాన మొదలవగానే అవ్వ, “చూరుకింద బిందె పెట్టు నాయనా” అంటుంది. దాబా ఇంట పుట్టిన మనుమడు బిందె పట్టుకొని, ఎక్కడ పెట్టాలో తెలియక వాకిట నిలబడతాడు.