‘బడికి పోతుంటి’ అంటే పోయినట్టా, పోనట్టా?

మా అమ్మమ్మ ముంబై కామాఠిపురలో పుట్టి పెరిగింది. పేరు చెప్పగానే కొందరి మొహాలు మారతాయి. కానీ ఆ పేటకు ఆ పేరొచ్చింది 18వ శతాబ్దం చివర నుంచి తెలంగాణ వైపు నుంచి వలసపోయి, బొంబాయి కట్టడాలకు రాళ్లూ మట్టీ మోసిన కామాఠీ కూలీల వల్ల. నంబర్ల గల్లీలు, ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం, అందరికీ కలిపి ఒకటే గ్యాలరీ.

సెలవులకు పోయినప్పుడు నేను ఆ గ్యాలరీలో కూర్చొని చదువుకుంటుంటే అమ్మమ్మ, “నేను గూడ బడికి పోతుంటి” అనేది. నేను నమ్మాను. ఎనిమిదో తరగతి వ్యాసంలో ‘మా అమ్మమ్మ ముంబైలో తెలుగు బడిలో చదివింది’ అని రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

ఈ ఏడు స్పానిష్ సర్టిఫికెట్ కోర్సులో ‘ఇంపెర్ఫెక్తొ దె సుబ్‌హుంతీవొ’ పాఠం వచ్చేదాకా నాకు అనుమానమే రాలేదు. ‘జరిగితే’ అని ఊహించే మాటకు వాళ్లకు ప్రత్యేకంగా ఒక క్రియారూపం ఉంది. చేయడం సులువే. ‘త్రబహార్’ అంటే పనిచేయడం. ‘వాళ్లు పనిచేశారు’ అంటే ‘త్రబహారొన్’. చివరి ‘రొన్’ తీసేసి ర, రస్, ర, రమొస్, రఇస్, రన్ చేర్చాలి: త్రబహార, త్రబహారస్, త్రబహార, త్రబహారమొస్, త్రబహారఇస్, త్రబహారన్. (ఊనిక ఎక్కడుందో తెలియడానికి దీర్ఘం పెట్టాను. అది జారి ‘త్రబహరా’ అన్నామంటే ‘పనిచేస్తాడు’ అని భవిష్యత్తు అయిపోతుంది. క్లాసులో అందరం జారాం.)

ఇప్పుడు రెండు వాక్యాలు చూడండి. ‘సి త్రబాహ అకీ, గనరా మాస్’: ఇక్కడ పనిచేస్తే ఎక్కువ సంపాదిస్తాడు. ‘సి త్రబహార అకీ, గనరీయ మాస్’: ఇక్కడ పనిచేస్తే ఎక్కువ సంపాదించేవాడు. స్పానిష్‌లో రెండు వైపులా క్రియ మారింది. తెలుగులో ‘పనిచేస్తే’ కదల్లేదు. మన చేదర్థకానికి అది జరిగేదో, ఉత్త ఊహో పట్టదు. ఆ భారమంతా వాక్యం చివర ‘సంపాదించేవాడు’ మీదే పడుతుంది.

చిక్కు కూడా అక్కడే. ‘సంపాదించేవాడు’ అనే రూపాన్నే అలవాటుకూ వాడతాం: ‘అప్పట్లో బాగా సంపాదించేవాడు.’ అమ్మమ్మ యాసలో ‘పోతుంటి’, ‘చేస్తుండె’ కూడా అంతే. “సమ్మె గాకుంటే మీ తాత మిల్లులనే చేస్తుండె” అన్నప్పుడు ఎవరూ పొరబడరు. 1982 జనవరి 18న మొదలైన ఆ సమ్మె ముందే నిలబడి అర్థం చెప్తుంది. కానీ ముందుభాగం మింగేసి ‘పోతుంటి’ ఒక్కటే మిగిలిస్తే? పోయిందీ కావచ్చు, పోనిదీ కావచ్చు. ‘పోయి ఉండేదాన్ని’ అంటే ఈ తికమక చాలావరకు తీరుతుంది గానీ, మాటల్లో అంత ఓపిక ఎవరికుంటుంది?

మొన్న సంక్రాంతి సెలవుల్లో అమ్మమ్మ పక్క గది మరాఠీ ఆవిడతో మాట్లాడుతోంది. అదే మాట, ఈసారి మరాఠీలో: “మీ శాళేత్ గేలే అస్తే.” నేను పుస్తకం మూసేశాను. మరాఠీలో అలవాటైతే ‘జాయచే’ అనాలి. ‘గేలే అస్తే’ అంటే పోయి ఉండేదాన్ని, అంటే పోలేదు. ఇన్నేళ్లూ తెలుగులో నాకు దొరకనిది మరాఠీలో రెండు ముక్కల్లో తేలిపోయింది.

ఆవిడ వెళ్లాక అడిగాను, “అమ్మమ్మా, ఏముంటే పోతుంటివి?”

బియ్యంలో రాళ్లేరుతూ తల ఎత్తకుండానే చెప్పింది: “తమ్ముణ్ణి ఎత్తుకునేటోళ్లు ఇంకొకరుంటే.”