కలుపును మాత్రమే పీకే మందు



కీమోథెరపీ అనగానే జుట్టు రాలడం, వాంతులు గుర్తుకొస్తాయి. వేగంగా పెరిగే కణాలన్నిటినీ అది దెబ్బతీస్తుంది గనుక కలుపుతోపాటు పైరు కూడా నష్టపోతుంది.

క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌కు మరొక మార్గం ఉన్నది. ఈ జబ్బులో 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారై అతుక్కుంటాయి. అందువల్ల పుట్టే బీసీఆర్-ఏబీఎల్ అనే ప్రోటీను తెల్ల రక్తకణాలను ఆగకుండా పెంచుతుంది. 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ మాత్ర ఈ ప్రోటీనును పనిచేయనీయదు. దానిమీదే ఆధారపడిన క్యాన్సర్ కణాలు చనిపోతాయి. మంచి కణాల్లో ఆ ప్రోటీను ఉండదు గనుక అవి చాలావరకు క్షేమంగా ఉంటాయి.

అయినా కళ్ల చుట్టూ వాపు, వికారం, కండరాలు పట్టేయడం, రక్తకణాలు తగ్గడం వంటి ఇబ్బందులు రావచ్చు. అందుకే రక్తపరీక్షలు తప్పనిసరి. గర్భం దాల్చదలచినవారు ముందుగానే డాక్టరుకు చెప్పాలి. ఈ మాత్ర అన్ని క్యాన్సర్లకూ పనిచేయదు.

"ప్రార్థన చేయించుకున్నాము, ఒంట్లో బాగుంది, ఇంకా మాత్రలెందుకు?" అని కొందరు మానేస్తుంటారు. బాగున్నట్టు అనిపించినా క్యాన్సర్ కణాలు కొన్ని దాగి ఉండవచ్చు. మందు ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు. ఖర్చు భారమైతే మానకుండా డాక్టరుతో చెప్పండి. 2013లో సుప్రీంకోర్టు ఈ మందుకు పేటెంటు నిరాకరించింది. మన దేశంలో తయారైన చవక మాత్రలు దొరుకుతున్నాయి.

ప్రార్థనా మానవద్దు, మాత్రా మానవద్దు. స్వస్థపరచే దేవుడే మందునూ అనుగ్రహించాడని మేము నమ్ముతున్నాము.