అమెరికాలో జడ్జీల నియామకం ఎన్నికల అంశం ఎందుకైంది? తరచూ అడిగే ప్రశ్నలు

అధ్యక్షుణ్ణి ఎన్నుకునేటప్పుడు జడ్జీల గురించి ఎందుకు ఆలోచించాలి?

అధ్యక్షుడు ఉండేది నాలుగేళ్లు, మహా అయితే ఎనిమిది. ఫెడరల్ జడ్జికి పదవీ విరమణ వయసే లేదు. క్లారెన్స్ థామస్‌ను 1991లో సుప్రీంకోర్టుకు పంపిన పెద్ద బుష్ మరుసటి ఏడాదే ఎన్నికల్లో ఓడిపోయారు, 2018లో కన్నుమూశారు. ఆ తర్వాత కూడా థామస్ తీర్పులు రాస్తూనే ఉన్నారు.

ఇండియాలో జడ్జీల ఎంపికకు కొలీజియం ఉంది. అమెరికాలో ఎవరు ఎంపిక చేస్తారు?

అధ్యక్షుడు పేరు ప్రతిపాదిస్తాడు, సెనేట్ ఆమోదిస్తుంది. సుప్రీంకోర్టు జడ్జి విషయంలో చర్చ ముగించడానికి ఒకప్పుడు 60 ఓట్లు కావాల్సి వచ్చేది. రిపబ్లికన్లు 2017లో ఆ నిబంధన ఎత్తేశారు. కింది ఫెడరల్ కోర్టులకు డెమోక్రాట్లు 2013లోనే ఎత్తేశారు. ఇప్పుడు మామూలు మెజారిటీ చాలు. అంటే సెనేటర్‌కు వేసే ఓటు కూడా జడ్జీల కోసం వేసే ఓటే. మనవాళ్లు అధ్యక్ష అభ్యర్థుల గురించి గంటలకొద్దీ వాదించుకుంటారు గానీ తమ రాష్ట్ర సెనేటర్ల పేర్లు అడిగితే తడుముకుంటారు. ఇది మారాలి.

ఒక్క ఖాళీకే అంత గొడవ ఎందుకు?

2016 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ స్కాలియా మరణించారు. ఆ స్థానానికి అప్పటి అధ్యక్షుడు ఒబామా మార్చిలో మెరిక్ గార్లండ్ పేరు పంపారు. ఎన్నికల ఏడాదిలో నియామకం కుదరదంటూ రిపబ్లికన్ సెనేట్ ఆయనకు విచారణ కూడా జరపలేదు. అధ్యక్ష ఎన్నికల బరిలో ఉన్న ట్రంప్ మే నెలలోనే తాను నియమించే అవకాశమున్న 11 మంది జాబితా బయటపెట్టారు. ఆయన వ్యక్తిత్వం నచ్చని క్రైస్తవ సంప్రదాయవాదులు కూడా చాలామంది ఆ జాబితా చూసే ఓటేశారు.

2020 సెప్టెంబర్ 18న జస్టిస్ గిన్స్‌బర్గ్ పోయారు. ఈసారి అదే సెనేట్ ఎన్నికలకు ఎనిమిది రోజుల ముందు, అక్టోబర్ 26న, ట్రంప్ ప్రతిపాదించిన ఎమీ కోనీ బారెట్‌ను 52–48తో ఖాయం చేసింది. రాజ్యాంగం దీన్ని అడ్డుకోదు. కానీ నాలుగేళ్ల క్రితం చెప్పిన మాటను అంత తేలిగ్గా వదిలేయడం అన్యాయమనే నా అభిప్రాయం. కోర్టులో బలాబలాలు కన్జర్వేటివ్‌లకు అనుకూలంగా 6–3 అయ్యాయి.

ఇంతకీ రెండు వర్గాలకూ కావలసింది ఏమిటి?

రాజ్యాంగాన్ని రాసిన నాటి అర్థంలోనే చదవాలంటారు కన్జర్వేటివ్‌లు. మారిన సమాజాన్ని చూసి అన్వయించాలంటారు లిబరల్స్. గర్భస్రావం, తుపాకులు, మతస్వేచ్ఛ అన్నీ ఇక్కడే తేలతాయి. గర్భస్రావానికి 1973లో దక్కిన రాజ్యాంగ రక్షణను 2022 జూన్ 24న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఒక వర్గం దశాబ్దాల ఓపికకు దక్కిన ఫలం అది. జడ్జీల నియామకం తమకూ అంతే ముఖ్యమని రెండో వర్గంలో చాలామందికి ఆ రోజే తెలిసొచ్చింది.

రాష్ట్రాల కోర్టుల సంగతి?

2022 నాటి గర్భస్రావం తీర్పు తర్వాత వీటి ప్రాధాన్యం పెరిగింది. చాలా రాష్ట్రాల్లో జడ్జీలను ప్రజలే ఎన్నుకుంటారు. విస్కాన్సిన్‌లో 2023 ఏప్రిల్ ఎన్నికతో రాష్ట్ర సుప్రీంకోర్టు మెజారిటీ లిబరల్స్ చేతికొచ్చింది. 2025 జూలైలో ఆ కోర్టే 1849 నాటి గర్భస్రావ నిషేధం చెల్లదని 4–3తో తీర్పిచ్చింది. కొన్నిచోట్ల గవర్నర్ నియమిస్తారు. విజయవాడలో పుట్టిన జయ బాడిగ 2024లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టుకు అలా వచ్చినవారే. జడ్జీల పేర్లు బ్యాలెట్‌లో బాగా కిందికి ఉంటాయి. అక్కడిదాకా చదవండి.

జడ్జీలు తమను నియమించిన పార్టీ మాటే వింటారా?

ప్రతిసారీ కాదు. అమెరికాలో పుట్టినా, తల్లి హెచ్‌1బీ వంటి తాత్కాలిక వీసాపై ఉండి, తండ్రికి పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేకపోతే బిడ్డకు పౌరసత్వం ఇవ్వబోమని 2025 జనవరిలో ట్రంప్ ఉత్తర్వు ఇచ్చినప్పుడు ఎన్ని తెలుగు ఇళ్లల్లో నిద్ర పట్టలేదో! మూడు రోజుల్లో దాన్ని ఆపింది సియాటిల్ జడ్జి జాన్ కాఫెనార్. ఆయన్ను 1981లో నియమించింది రిపబ్లికన్ అధ్యక్షుడు రీగన్. అయితే ఒక జిల్లా జడ్జి దేశమంతటికీ వర్తించేలా స్టే ఇచ్చే అధికారాన్ని అదే ఏడాది జూన్‌లో సుప్రీంకోర్టు 6–3తో కుదించింది. ఆ ఆరుగురూ రిపబ్లికన్ అధ్యక్షులు నియమించినవారే.

గ్రీన్‌కార్డుతో ఓటేయవచ్చా?

ఫెడరల్ ఎన్నికల్లో వేయకూడదు. వేస్తే నేరం, దేశం నుంచి పంపించేసే ప్రమాదమూ ఉంది. పౌరసత్వం వచ్చాక ఓటరుగా నమోదు చేసుకోండి. గడువు ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది.