నల్లగొండ, పాలమూరు రోడ్ల మీద సైకిల్: తరచూ అడిగే ప్రశ్నలు

నల్లగొండ ప్రకాశం బజార్‌లోనో, మహబూబ్‌నగర్ క్లాక్‌టవర్ దగ్గరో పొద్దున్నే కాసేపు నిలబడితే సైకిల్ ఎవరి బండో తెలిసిపోతుంది. పేపర్ వేసే పిల్లలు, పాలు పోసేవాళ్లు, రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోయే వాచ్‌మెన్లు, ట్యూషన్‌కు ఉరికే బడిపిల్లలు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం వీళ్ల జోలికి పెద్దగా రాదు. బండి కొనేటప్పుడు అది హాయిగానే ఉంటుంది. లారీ తగిలిన రోజున మాత్రం ఏ కాగితం ఎక్కడ పుట్టించాలో తెలియక ఇంటిల్లిపాదీ తిప్పలు పడతారు. అందుకే ఇక్కడ సగానికి పైగా ఆ రెండో సంగతే ఉంటుంది.

సైకిల్‌కు లైసెన్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కావాలా?

ఏదీ అక్కర్లేదు. చట్టం లెక్కలో మోటారు వాహనమంటే యంత్రబలంతో నడిచేది. కాళ్లతో తొక్కేది అందులోకి రాదు. తొక్కేవాళ్లకు ఇంత వయసుండాలనీ ఆ చట్టంలో లేదు.

పదో తరగతికి రాగానే పిల్లాడి చేతిలో సైకిల్ తీసేసి స్కూటీ పెట్టే తల్లిదండ్రులు ఒకమాట వినాలి. 50 సీసీ లోపు గేర్లు లేని బండికి 16 ఏళ్లు, మిగతా వాటికి 18 ఏళ్లు నిండాలి. మైనర్ బండి నడిపి నేరం జరిగితే 2019 సవరణతో వచ్చిన 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడతాయి. బడికి రెండు కిలోమీటర్లు కూడా లేని ఊళ్లో ఈ తొందర ఎందుకో నాకు అర్థం కాదు.

మరి బ్యాటరీ సైకిల్?

మోటారు శక్తి 250 వాట్లకు లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోపు ఉంటే అది మోటారు వాహనం కాదు. లైసెన్స్ లేకుండా నడపొచ్చు. కొన్ని దుకాణాల్లో ఈ మాట చెప్పి బండి అమ్ముతారు, ఆ తర్వాత అడిగితే వేగం కట్టడి చేసే వైరు పీకేసి ఇస్తారు. ఆ వైరు ఊడిన క్షణం నుంచి మీది ఇన్సూరెన్స్ లేని, నంబర్ లేని మోటారు బండి. ఎవరికైనా తగిలిస్తే నష్టపరిహారం మీ జేబులోంచే కట్టాలి. కొనేటప్పుడు పరీక్ష సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ నకలు అడిగి తీసుకోండి.

హైవే మీద సైకిల్ తొక్కవచ్చా?

తొక్కవద్దంటే మనవాళ్లు ఎటు పోవాలి? నల్లగొండ మీదుగా 565వ జాతీయ రహదారి, మహబూబ్‌నగర్ మీదుగా 167వ జాతీయ రహదారి పోతాయి. పానగల్ నుంచో, యెనుగొండ నుంచో ఊళ్లోకి వచ్చేవాళ్లకు బజారు రోడ్డు ఎంతో అదీ అంతే. జాతీయ రహదారి అన్నంత మాత్రాన సైకిల్‌కు నిషేధం లేదు. ఎర్రటి గుండ్రంలో సైకిల్ బొమ్మ ఉన్న బోర్డు కనిపిస్తే మాత్రం అక్కడి నుంచి ప్రవేశం లేదని అర్థం. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదికి సైకిల్‌నే కాదు, మోటార్ సైకిల్‌నూ రానివ్వరు.

జడ్చర్ల, భూత్పూర్ దగ్గర 44వ నంబర్ రహదారి, నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబర్ రహదారి సంగతి వేరు. అక్కడ హక్కు ఉన్నా వాడకపోవడమే మేలు, సర్వీసు రోడ్డు ఉన్నచోట దాన్నే పట్టుకోండి. దాటాల్సి వస్తే దిగి నడిపించుకుంటూ దాటండి.

నడిచేవాళ్లకు, ఇంజిన్ లేని బండ్లకు రోడ్ల మీద నియమాలు పెట్టే అధికారం 138(1ఏ) సెక్షన్ కింద రాష్ట్రాలకు ఉంది. ఆ నియమాలు ఆరు నెలల్లో తయారు చేయాలని 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2023లో ఔటర్ పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ కట్టిన రాష్ట్రం మనది. పాలమూరులో పాలక్యాన్లు మోసే సైకిల్‌కు చౌరస్తాలో తెల్లగీత గీయడం అంతకన్నా కష్టమైన పని కాదు.

హెల్మెట్, లైటు తప్పనిసరా?

హెల్మెట్ నిబంధన మోటార్ సైకిళ్లకే. పెట్టుకుంటే మీకే మంచిది. లైటు విషయంలో నేను అంత మెత్తగా చెప్పను. ముందు తెల్లదీపం, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ లేకుండా చీకట్లో బైపాస్ ఎక్కితే లారీ డ్రైవర్‌కు మీరు అసలు కనిపించరు. రేపు కోర్టులో ఎదుటి వకీలు ఎత్తి చూపే మొదటి తప్పు కూడా అదే.

రాంగ్ రూట్‌లో పోతే సైకిల్‌కు ఏమవుతుంది?

చలానా పడకపోవచ్చు. డివైడర్‌కు సందు ఎక్కడో దూరాన ఉంటే ఎదురు రావడం జనానికి అలవాటైపోయింది, పోలీసులూ చూసీ చూడనట్టు పోతారు. అసలు దెబ్బ తర్వాత తగులుతుంది. ప్రమాదంలో మీ తప్పూ కొంత ఉందని, పరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్ తేలిస్తే పరిహారంలో అంత భాగం కోసేస్తుంది. 10 లక్షలు రావాల్సిన చోట మీ తప్పు 30 శాతం అంటే చేతికొచ్చేది 7 లక్షలే.

ఇంకొకటి. భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షన్‌లో ఉన్న మాట ‘మోటారు వాహనం’ కాదు, ‘ఏ వాహనమైనా’. ప్రాణాలకు ముప్పు వచ్చేలా తొక్కితే సైకిల్ మీదా కేసు పెట్టవచ్చు. ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఫుట్‌పాత్ నడిచేవాళ్లది కాబట్టి అక్కడ దిగి నడిపించుకు పోండి.

బండి గుద్దింది. మొదట ఏం చేయాలి?

108కి గానీ 112కి గానీ ఫోన్. ఆ తర్వాత గుద్దిన బండి నంబర్. నంబర్ దొరికిందంటే ఎంపరివాహన్ యాప్‌లో దాని ఇన్సూరెన్స్ ఉందో లేదో చూడవచ్చు.

ఆసుపత్రిలో “ముందు పోలీసులను రానీయండి” అంటే ఒప్పుకోవద్దు. లాంఛనాల కోసం ఆగకుండా వెంటనే వైద్యం చేయాల్సిన బాధ్యత డాక్టర్ మీద మోటారు వాహనాల చట్టం 134వ సెక్షనే పెట్టింది. 2025 మే నుంచి అమల్లోకి వచ్చిన నగదు రహిత చికిత్స పథకం కింద, మోటారు వాహనం వల్ల గాయపడిన వారికి గుర్తింపు పొందిన ఆసుపత్రిలో ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల దాకా వైద్యం అందాలి. సైకిల్ వాళ్లకూ ఇది వర్తిస్తుంది. ప్రమాదం నిజమేనని పోలీసులు నిర్ధారించాలి కాబట్టి కబురు త్వరగా అందేలా చూడండి.

ఆసుపత్రికి చేర్చిన దారినపోయే మనిషి భయపడాల్సింది లేదు. 134ఏ సెక్షన్ ఆయనకు రక్షణ. పేరు చెప్పమని ఎవరూ ఒత్తిడి చేయకూడదు.

ఎఫ్ఐఆర్ ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు. “ఇది మా పరిధి కాదు” అనే మాట ఇప్పుడు చెల్లదు. చౌరస్తాలో నలుగురు చేరి ఐదువేలకు రాజీ కుదర్చడం మన దగ్గర మామూలే. ఎముక విరిగిందో లేదో ఎక్స్‌రేలో తేలకముందే ఆ డబ్బు తీసుకోవద్దు. ఎఫ్ఐఆర్ లేకుండా తర్వాత కోర్టుకు పోయి ప్రమాదాన్ని నిరూపించడం చాలా కష్టం.

గుద్ది పారిపోతే?

బండి జాడ తెలియకపోయినా పరిహారం ఉంది. ప్రాణం పోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు. 2022 ఏప్రిల్ నుంచి ఈ మొత్తాలు అమల్లో ఉన్నాయి. ఆర్డీఓ లేదా తహసీల్దార్ స్థాయి అధికారి విచారిస్తారు, కలెక్టర్ మంజూరు చేస్తారు. ఈ దరఖాస్తు వేయని కుటుంబాలు చాలా ఉంటాయి, ఎందుకంటే వాళ్లకు ఎవరూ చెప్పరు.

కేసు ఎక్కడ వేయాలి? ఎన్ని రోజుల్లో?

ప్రమాదం జరిగిన చోట వేయవచ్చు, లేదా మీరు ఉండే చోట, ప్రతివాది ఉండే చోట. పాలమూరు నుంచి వలస పోయినవాళ్లకు ఈ వెసులుబాటు చాలా పెద్దది. పుణెలో సైట్‌కు సైకిల్ మీద పోతుంటే టెంపో తగిలినా, ఇల్లు మహబూబ్‌నగర్‌లో అయితే ఇక్కడి ట్రిబ్యునల్‌లోనే క్లెయిమ్ వేసుకోవచ్చు. జీతం చీటీ లేని అడ్డాకూలీకి కూడా ఆదాయాన్ని అంచనా వేసి పరిహారం లెక్కకడతారు.

గడువు ఆరు నెలలు. దాని మీద సుప్రీంకోర్టు దాకా వివాదం పోయింది గానీ, ఆ ధైర్యంతో ఆలస్యం చేయకండి. వకీలు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోండి. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు ఉచితంగా వకీలును ఇస్తారు.

ఆగి ఉన్న కారు డోర్ తెరిస్తే తగిలి పడ్డాను. అదీ ప్రమాదమేనా?

అవును. వాహనం ‘వాడకం’ అంటే పరుగెత్తుతున్నప్పుడే కాదని, నిలిచి ఉన్నదీ అందులోకి వస్తుందని 1991లో శివాజీ దయాను పాటిల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మూతలేని మోరీలో పడితే ఎవరిని అడగాలి?

రోడ్డు ఎవరిదో ముందు తేల్చుకోండి. గల్లీ రోడ్డు పురపాలక సంస్థది, జాతీయ రహదారికి 1033 నంబర్, మిగతా పెద్ద రోడ్లు చాలావరకు ఆర్ అండ్ బీవి. ఫొటో తీసి, తేదీ వేసి, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణిలో అర్జీ ఇవ్వండి. రసీదు అడిగి తీసుకోండి. అదే మోరీలో రేపు ఇంకొకరు పడితే “మాకు తెలియదు” అని అధికారులు అనకుండా ఆపేది ఆ రసీదే.