విష్ణుచిత్తుని తోట, విష్ణుచిత్తుని వంటిల్లు

గృహస్థుడు చేయు భగవదారాధనము పూజామందిరపు గడప దాటిన పిమ్మటనే ఆరంభమగునని పలువురు తలంతురు. కాని స్వామి పాదములపై నిలిచిన తులసిదళమును అంతకు ముందే ఒక చేయి నాటినది, ఒక చేయి నీరు పోసినది. నివేదనకు వచ్చిన అన్నమును ఒక చేయి కడిగినది, ఒక చేయి వండినది. ఈ పనులు పూజకు పూర్వము ముగించుకొనవలసిన శ్రమలు కావు. అవి పూజలోని అంగములే. వైష్ణవ సంప్రదాయము వీనికి కైంకర్యమను గౌరవమైన పేరు పెట్టినది. పెరటిని, పొయ్యిని ఒక్క కైంకర్యముగా నడపిన గృహస్థునకు విష్ణుచిత్తుడు మేలైన నిదర్శనము.

పెరియాళ్వారని పూజింపబడు విష్ణుచిత్తుడు శ్రీవిల్లిపుత్తూరున వటపత్రశాయికి పూలతోట పెంచి, నిత్యము మాలలు కట్టి సమర్పించెను. ఆ తోటలోని తులసివనముననే ఆయనకు గోదాదేవి లభించినది. 1509 మొదలు 1529 వరకు రాజ్యమేలిన శ్రీకృష్ణదేవరాయలు ఈ కథనే ‘ఆముక్తమాల్యద’గా తెలుగున రచించెను. రాయలు ఆళ్వారు తోటను చూపి ఊరకుండలేదు; ఆయన వంటింటిని కూడ చూపెను. విష్ణుచిత్తుని యింటికి వేళ కాని వేళ భాగవతులు వచ్చుచుందురు. ఆయన వారికి ఋతువునకు తగిన భోజనము పెట్టుచుండును.

వేసవిలో ఆయన పెట్టు భోజనము గమనింపదగినది. ముందుగా అతిథి మేనికి చల్లని చందనము. పిమ్మట గోరువెచ్చని అన్నము, తియ్యని చారు, పలుచని అంబలి, చెరకురసము, లేత కొబ్బరినీరు, పండ్లు, మామిడి పిందెలు, నీరు కలిపిన మజ్జిగ. ఎండలో నడచివచ్చిన యాత్రికుని దేహమేమి కోరుచున్నదో అదియే విస్తరిలో నున్నది. చక్రవర్తియైన కవి తన కావ్యనాయకుని ఔదార్యమును వర్ణింప బూని, అంబలిని, మజ్జిగను తెచ్చి చూపుట సామాన్య విషయము కాదు. ఋతువు నెరిగి పెట్టిన భోజనమే ఘనమైన భోజనమని ఆయన భావము.

అంతకన్న గొప్ప ఘట్టము మరియొకటి కలదు. నడురేయి ఆ యింటి వైపు చెవి యొగ్గిన వారికి భగవత్కథల పఠనము వినవచ్చును. దానితోపాటు అతిథులను వేడుకొను మాటలును వినవచ్చును. కూరలు ఎక్కువ లేవనియు, వేడి తగ్గినదనియు, పిండివంటలు లేవనియు, ఉన్నదానినే దయతో ఆరగింపవలెననియు ఆ వేడికోలు. ఇందు గ్రహింపవలసినది ఒక్కటే. లోపములన్నియు చెప్పుకొనెనే కాని, ఆ లోపముల కొరకై ఆయన తలుపు మూయలేదు.

నేటి గృహములలో తలుపు మూయించుచున్నది ఈ సంకోచమే. ఇంట పప్పన్నము తప్ప వేరొకటి లేదను సిగ్గుచే, గుమ్మమునకు వచ్చిన వానిని మాటలతోనే సాగనంపువారు కలరు. నాలుగు పిండివంటలు కుదిరిన నాడే నైవేద్యము పెట్టవలెనని, కుదరని నాడు మానుకొనువారును కలరు. ఆడంబరము కోరినవాడు భగవంతుడు కాడు. గీత తొమ్మిదవ అధ్యాయమున ఆయన పేర్కొన్నవి నాలుగే: ఆకు, పువ్వు, పండు, నీరు. నియతమైన మనస్సుతో, భక్తితో సమర్పించిన చాలునని ఆయన అభయము. వసంతమున ఈ నాలుగును సామాన్యుని పెరటిలోనే సమకూరును.

మొదటిది ఆకు. తులసి మంజరులు ముదిరి విత్తు పట్టిన కొలదియు ఆకు పలుచబడును. లేతనాడే వానిని త్రుంచి స్వామికి సమర్పించినచో మొక్క గుబురుగా చిగుర్చును. పూజయు మొక్క పెంపకమును ఇచ్చట ఒక్క పనియే. ఆ దళము తీర్థములో పడి ఇంటివారి నోటికి చేరునది కావున దానిపై పురుగుమందు చల్లరాదు. తులసికోట ప్రక్కనే వెడల్పైన తొట్టిలో తోటకూర విత్తిన నెల దిరుగక మునుపే కోతకు వచ్చును. బియ్యము కడిగిన నీరు దానికి చాల మంచిది.

రెండవది పువ్వు. మల్లెపొదకు కొంతకాలము నీరాపి, మార్గశిర పుష్యములలో కొమ్మలు కత్తిరించి, పాదు త్రవ్వి ఎరువు వేసినచో, ఫాల్గుణ చైత్రములకు క్రొత్త కొమ్మలపై మొగ్గలు విరివిగా తొడుగును. వసంతమున పూయవలెనన్న చలికాలముననే చేయి మట్టిలో పెట్టవలెను. ఈ శ్రమ యొక్క విలువను తెలుపునది తిరుమలలో అనంతాళ్వారు కథ. శ్రీరామానుజుల ఆజ్ఞపై కొండకు వచ్చి పుష్పకైంకర్యమునకై ఆయన చెరువు త్రవ్వుచుండగా, గర్భవతియైన భార్య మట్టి మోయుచుండెను. ఒక బాలుడు వచ్చి ఆమెకు తోడ్పడెను. కైంకర్యములో పరులకు పాలు లేదని కోపించి ఆళ్వారు గునపము విసరగా, అది బాలుని గడ్డమునకు తగిలెను. పిమ్మట గర్భాలయమున స్వామి గడ్డము నుండియే రక్తము కారుట చూచి, బాలుడెవరో గ్రహించి, ఆయన పచ్చకర్పూరము నద్దెనని ప్రతీతి. ఆ గునపము ఆలయ మహాద్వారమున నేటికిని దర్శనీయము. స్వామి పూలమాలను మాత్రమే కోరలేదు. మట్టితట్టను కూడ కోరివచ్చెను. తోటపని తక్కువదని తలంచువారు ఈ కథను మరల మరల మననము చేయవలెను.

మూడవది ఫలము. ఉగాది పచ్చడిలోని వస్తువులు ఆ ఋతువు స్వయముగా తెచ్చి యిచ్చునవే. వేప అప్పుడే పూయును. మామిడి అప్పుడే పిందెపట్టును. క్రొత్త చింతపండు, క్రొత్త బెల్లము అప్పుడే ఇంటికి వచ్చును. చెట్టు క్రింద శుభ్రమైన వస్త్రము పరచి, రాలిన వేపపువ్వును నీడలో ఎండబెట్టి దాచుకొన్నచో, నేతిలో వేయించి ఏడాది పొడుగునను చారులో వేసికొనవచ్చును.

నాలుగవది జలము. శ్రీరామనవమి నాటి పానకము నీరే కదా. లీటరు నీటికి సుమారు 200 గ్రాముల బెల్లము కరగించి వడగట్టి, అర చెంచాడు మిరియాల పొడి, నాలుగైదు ఏలకుల పొడి కలిపిన చాలును. పెసరపప్పును గంట రెండు గంటలు నానబెట్టి, నీరు వంచి, కొబ్బరి కోరును, పచ్చిమామిడి కోరును, తగినంత ఉప్పును కలిపినచో వడపప్పు సిద్ధము. వీనికి పొయ్యి వెలిగింపనే అక్కరలేదు.

ఉల్లి, వెల్లుల్లి లేక వండుట, నివేదనకు ముందు రుచి చూడకుండుట వైష్ణవ గృహముల నియమము. శబరి పండ్లను కొరికి చూచి పెట్టెనను కథ లోకమున మిక్కిలి ప్రసిద్ధము. వాల్మీకి రామాయణమున మాత్రము ఆమె పంపాతీరమున లభించు అడవి ఫలములను రాముని కొరకు సేకరించి ఉంచినదని మాత్రమే కలదు. రుచి చూడని వంటలో ఉప్పు సరిపోవలెనన్న మనస్సు చేతిపైననే ఉండవలెను. గీత చెప్పిన నియతమైన మనస్సునకు వంటింట లభించు అభ్యాసమిదియే. ఒకవేళ ఉప్పు తగ్గినను, శ్రద్ధ తగ్గనిచో నివేదన తగ్గదు.

పెరడు లేనివారికి మేడపై రెండు కుండీలు చాలును: ఒకటి తులసికి, ఒకటి మల్లెకు. వంటకు కూర్చున్నప్పుడు ఇంటివారి లెక్కకు మించి ఒక గుప్పెడు బియ్యము పోయుట అలవరచుకొనవలెను. ఆ గుప్పెడు ఇంకను రాని అతిథిది. అతిథి రాని నాడు అది పక్షికో, గోవునకో చెందును. నిర్మాల్యమైన పువ్వులను కాలు తగులని చోట చెట్టు మొదట వేసినచో, అవి మరల మట్టియై మరుసటి వసంతపు మొగ్గకు బలమగును.

ఈ విధముగా నడచు ఇంటిలో తోటకును వంటింటికిని, వంటింటికిని పూజామందిరమునకును నడుమ గోడలు ఉండవు. అట్టి యింటివారు విస్తరి ముందు చేతులు జోడించి, ఉన్నది ఇంతియే, దయచేసి ఆరగింపుడని పలుకుటకు సిగ్గుపడ నక్కరలేదు. ఆ పలుకు శ్రీవిల్లిపుత్తూరున విష్ణుచిత్తుని యింట ప్రతిరాత్రి వినవచ్చిన పలుకే.