డ్రాగ్ రేసింగ్: వీధికీ ట్రాక్‌కీ మధ్య పాత తగాదా

గత వేసవి సెలవుల్లో హోసూరులో మన పిల్లలకు భౌతికశాస్త్రం పాఠాలు చెబుతున్నప్పుడు ప్లస్ టూ చదివే ఒక అబ్బాయి సెల్‌ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. అమెరికాలో రాత్రిపూట రెండు కార్లు నడివీధిలో పక్కపక్కన నిలబడి ఉన్నాయి. ఒకాయన టార్చిలైటు వెలిగించగానే రెండూ దూసుకుపోయాయి. "సార్, ఇది టీవీలో వచ్చిన కార్యక్రమం. అక్కడ పోలీసులు ఏమీ అనరా? మనం బైకు కాస్త గట్టిగా తోలితేనే చలానా రాస్తారే!" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం నవ్వినంత తేలిక కాదు. ఆ రోజు బోర్డు మీద చెప్పినదాన్నే కొంచెం పెంచి ఇక్కడ రాస్తున్నాను. విద్యార్థులతోపాటు తల్లిదండ్రులు కూడా చదివితే బాగుంటుంది.

డ్రాగ్ రేస్ అంటే మలుపులు లేని పందెం. రెండు వాహనాలు నిలబడిన చోటు నుంచి బయలుదేరి తిన్నగా పావు మైలు, అంటే 402 మీటర్లు పరుగెత్తాలి. ముందు గీత దాటినవాడు గెలిచినట్టు. మన భాషలో పరుగునూ పందెమే అంటాం, దాని మీద ఒడ్డిన డబ్బునూ పందెమే అంటాం. ఈ కథలో ఆ రెండు అర్థాలూ కలిసే ఉంటాయి.

ఈ ఆట వీధిలోనే పుట్టింది. అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా కుర్రవాళ్లు 1930లలోనే పాత కార్లను విప్పి, బరువు తగ్గించి, ఇంజన్లకు పదును పెట్టి ఎండిపోయిన చెరువుల్లో వేగం పరీక్షించుకునేవారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం నుంచి తిరిగివచ్చిన యువకుల చేతిలో యంత్రాల పని ఉంది, జేబులో కొంత డబ్బు ఉంది. చెరువులు దూరం, ఊరి రోడ్లు దగ్గర. రాత్రిళ్లు వీధుల్లో పందేలు పెరిగాయి, ప్రమాదాలూ పెరిగాయి. పత్రికలు ఈ కుర్రవాళ్లను రౌడీలుగా రాశాయి.

అప్పుడు 'హాట్ రాడ్' పత్రిక సంపాదకుడు వాలీ పార్క్స్ ఒక దారి ఆలోచించాడు. కుర్రవాళ్లను తిట్టి మాన్పించడం సాధ్యం కాదు, వాళ్లకొక చోటు చూపించాలి అన్నది ఆయన పట్టు. 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ స్థాపించాడు. దాన్నే ఎన్.హెచ్.ఆర్.ఎ. అంటారు. అంతకు ముందు ఏడాదే శాంటా అనా విమానాశ్రయంలో వాడకంలో లేని రన్‌వే మీద టిక్కెట్టు పెట్టి డ్రాగ్ పందేలు నడపడం మొదలైంది. 1953 ఏప్రిల్‌లో ఎన్.హెచ్.ఆర్.ఎ. తన మొదటి అధికారిక పోటీని పొమోనా సంత మైదానంలో, కార్లు నిలిపే స్థలంలో జరిపింది. పొమోనా పోలీసు అధికారి దీనికి అండగా నిలిచాడు. 1954 నుంచి 'సేఫ్టీ సఫారీ' అనే చిన్న బృందం ఊరూరా తిరిగి, స్థానిక క్లబ్బులకు పందెం క్షేమంగా ఎలా నడపాలో నేర్పింది. 1955లో కాన్సస్ రాష్ట్రంలోని గ్రేట్ బెండ్‌లో మొదటి జాతీయ పోటీ పెట్టారు. అదీ యుద్ధకాలపు విమానాశ్రయమే.

ఇది మన మద్రాసు వైపు వాళ్లకు కొత్త సంగతి కాదు. షోళవరంలో యుద్ధకాలపు రన్‌వే మీద 1950లలో మొదలైన కార్ల, మోటారు సైకిళ్ల పందేలు మన పెద్దల్లో కొందరు చూసే ఉంటారు. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ తర్వాత శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకుంది. ఖాళీ రన్‌వేలు లేకపోతే చాలా చోట్ల ఈ క్రీడే ఉండేది కాదేమో!

ట్రాక్ మీద ఏముంటుంది, వీధిలో ఏముండదు అన్నది చూద్దాం. ట్రాక్ మీద బయలుదేరే చోట జిగురు పదార్థం చల్లి, టైర్ల రబ్బరు అంటించి పట్టు వచ్చేలా చేస్తారు. రెండు వైపులా కాంక్రీటు గోడ ఉంటుంది. గీత దాటాక ఆగడానికి పొడవైన ఖాళీ దారి ఉంటుంది. 1963 నుంచి జెండా ఊపే మనిషి బదులు దీపాల స్తంభం వచ్చింది, దాన్ని 'క్రిస్మస్ ట్రీ' అంటారు. పచ్చదీపానికి ముందే కదిలితే ఎర్రదీపం వెలుగుతుంది, ఓడినట్టే. ఇక కారు సంగతి. పావు మైలును 9.99 సెకన్లు లేదా అంతకంటే తక్కువలో దాటే కారుకు సాధారణంగా లోపల ఉక్కు గొట్టాల పంజరం ఉండాలి, నడిపేవాడికి పోటీ లైసెన్సు ఉండాలి. ఇవన్నీ ఒక్కరోజులో ఎవరో కూర్చుని రాసిన నియమాలు కావు. చాలా నియమాల వెనుక ఒక ప్రమాదం ఉంది. 2008లో ఇంగ్లిష్‌టౌన్ ట్రాక్ మీద స్కాట్ కలిటా అనే పేరున్న డ్రైవరు చనిపోయాక, అత్యంత వేగమైన తరగతుల పందెం దూరాన్ని 1,320 అడుగుల నుంచి 1,000 అడుగులకు తగ్గించారు. ఆగడానికి మరో 320 అడుగులు దొరకాలని! ఆ తరగతి కార్లు గంటకు 530 కిలోమీటర్లు దాటుతాయి.

ఇంత చేసినా వీధి పందెం చావలేదు. 2001లో వచ్చిన 'ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్' సినిమా దానికి కొత్త మోజు తెచ్చింది. 2013 జూన్‌లో డిస్కవరీ ఛానల్‌లో 'స్ట్రీట్ అవుట్‌లాస్' అనే కార్యక్రమం మొదలైంది. ఓక్లహోమా సిటీలో అత్యంత వేగమైన పది వీధి కార్ల జాబితా, ఆ జాబితాలో పైకెక్కడానికి పందేలు, రాత్రి చీకటి, చేతులు మారే డబ్బు. మా అబ్బాయి చూపించినది ఈ ధోరణిలోదే. ఇది బాగా ఆడింది, దీనికి పిల్ల కార్యక్రమాలు కూడా పుట్టాయి.

ఎన్.హెచ్.ఆర్.ఎ.కు కోపం రావడం సహజం. అరవై ఏళ్లపాటు "వీధి వద్దు, ట్రాక్‌కు రండి" అని చెప్పిన సంస్థ అది. తన లైసెన్సు ఉన్నవాళ్లు వీధి పందేల్లో కనిపిస్తే ఆ లైసెన్సు పోతుందని హెచ్చరించింది. అవతలివాళ్ల వాదనా వినాలి కదా. పెద్ద పోటీలు కోట్లు ఖర్చుపెట్టగల జట్లకే మిగిలాయనీ, సొంత గ్యారేజీలో కారు కట్టుకున్న మామూలు మనిషిని జనం చూడాలనుకుంటున్నారనీ, ఆ చూపుతోనే కొత్త ప్రేక్షకులు ట్రాక్‌లకు వస్తున్నారనీ వాళ్లన్నారు. చివరి మాటలో నిజం లేకపోలేదు. 2018లో అదే కార్యక్రమం పేరుతో వచ్చిన 'నో ప్రెప్ కింగ్స్'ను డ్రాగ్ ట్రాక్‌ల మీదే తీశారు. జిగురు చల్లకుండా వదిలేసిన ట్రాక్, అంతే. వీధి రుచి కావాలి, ట్రాక్ గోడలూ కావాలి!

నాకు అసలు అభ్యంతరం వేరే ఉంది. టీవీలో కనిపించే వీధి నిజమైన వీధి కాదు. చిత్రీకరణ కోసం ముందే అనుమతి తీసుకుని ఆ రోడ్లను మూసేవారు. కార్ల లోపల ఉక్కు పంజరాలు, వెనుక పారాచూట్లు ఉంటాయి. అంటే ట్రాక్ నుంచి అరువు తెచ్చుకున్న జాగ్రత్త అంతా తెరవెనుక ఉంటుంది, చీకటీ డబ్బూ మాత్రం తెర మీద ఉంటాయి. చూసే పిల్లవాడికి మొదటిది తెలియదు, రెండోదే గుర్తుంటుంది. అంత జాగ్రత్త ఉన్నా 2022 ఆగస్టులో లాస్ వేగాస్ దగ్గర ఇదే తరహా చిత్రీకరణలో ఒక డ్రైవరు ప్రాణం పోయింది.

ఈ తగాదాలో ఎవరూ గట్టిగా మాట్లాడని మూడో సంగతి ఒకటుంది. ట్రాక్‌లు మూతపడుతున్నాయి. ఇంగ్లిష్‌టౌన్‌లో 2018లో, అట్లాంటాలో 2021లో, హ్యూస్టన్‌లో 2023లో డ్రాగ్ పందేలు ఆగిపోయాయి. కొలరాడోలోని బాండిమేర్ కూడా 2023తోనే ముగిసింది. ఊరు పెరిగి ట్రాక్ దాకా వస్తుంది, భూమి ధర పెరుగుతుంది, కొత్తగా ఇళ్లు కట్టుకున్నవారికి చప్పుడు గిట్టదు. వాలీ పార్క్స్ చూపించిన చోటే పోతే కుర్రవాళ్లు ఎక్కడికి వెళ్తారు? టీవీని తిట్టడం సులువు, వంద ఎకరాలు కాపాడటం కష్టం.

ఇక లెక్క. పావు మైలును 12 సెకన్లలో దాటే కారును తీసుకుందాం. త్వరణం మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉందనుకుంటే, s = ½at² ప్రకారం a = 2 × 402 ÷ 144, అంటే సుమారు 5.6 మీ/సె². చివరి వేగం 67 మీ/సె, అంటే గంటకు 241 కి.మీ. రావాలి. నిజానికి అలాంటి కారు గీత దగ్గర గంటకు 180 కి.మీ. దరిదాపుల్లోనే ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు పెరుగుతుంది, గేరు మారేకొద్దీ లాగుడు తగ్గుతుంది కాబట్టి త్వరణం ఒకేలా ఉండదు. పరీక్షలో సూత్రం రాసేముందు అది వర్తిస్తుందో లేదో చూడమని నేను చెప్పేది ఇందుకే.

ఇప్పుడు ఆపాలి. గంటకు 180 కి.మీ. అంటే 50 మీ/సె. మంచి పొడి రోడ్డు మీద బ్రేకు 7 మీ/సె² చొప్పున వేగం తగ్గిస్తుందనుకుందాం. v² ÷ 2a = 2500 ÷ 14, సుమారు 179 మీటర్లు. కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపు ఒక్క సెకను పడితే మరో 50 మీటర్లు. మొత్తం 229. అదే కారు గంటకు 60 కి.మీ. వేగంలో ఉంటే బ్రేకు దూరం 20 మీటర్లే. వేగం మూడింతలైతే బ్రేకు దూరం తొమ్మిదింతలు! రోడ్డు మీద ఇసుకో తడో ఉండి పట్టు సగమైతే ఆ 179 కాస్తా 358 అవుతుంది.

మన దేశపు చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 189వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం లిఖితపూర్వకంగా ఒప్పుకోకుండా బహిరంగ స్థలంలో వేగం పందెం పెట్టడం నేరం. 2019 సవరణతో మొదటిసారి దొరికితే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది, 10,000 దాకా. "లిఖితపూర్వకంగా" అన్న మాట గమనించండి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ పోటీ, 2024 ఆగస్టు చివర చెన్నైలో ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ రాత్రి పందెం జరిగాయంటే ప్రభుత్వాల అనుమతితో, రోడ్లు మూసి, గోడలు కట్టి జరిపినవే. మా అబ్బాయి ప్రశ్నకు సగం జవాబు ఇదే.

తల్లిదండ్రులకు ఒక మాట. అదే సవరణలో 199ఎ సెక్షన్ వచ్చింది. మైనరు బండి తోలి నేరం చేస్తే తండ్రి, సంరక్షకుడు లేదా బండి యజమాని బాధ్యుడు. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దు. ఆ పిల్లవాడికి ఇరవై అయిదేళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. టెన్త్ పాసయ్యాడని బండి తాళాలు ఇచ్చే ఇళ్లు నాకు తెలుసు. పేర్లు రాయను లెండి.

ఆ అబ్బాయికి ఒక ఇంటిపని ఇచ్చాను. 402, 229 కలిపితే 631 మీటర్లు. "మీ ఇంటి ముందు రోడ్డు మీద 631 మీటర్లు నడిచి, దారిలో ఏమున్నాయో రాసుకు రా నాయనా" అన్నాను. మరుసటి వారం కాగితం తెచ్చాడు. రెండు అడ్డరోడ్లు, ఒక బస్సు స్టాపు, టీ కొట్టు, బడి గేటు, మూడు స్పీడు బ్రేకర్లు, రోడ్డు మధ్యలో పడుకున్న ఆవు. చివర తనంతట తానే ఇంకో వరుస రాసుకొచ్చాడు: వీధిదీపాలు పదకొండు, వెలిగేవి నాలుగు.

మీరూ మీ రోడ్డు మీద చేసి చూడండి. గంటకు 120 కి.మీ. వేగానికి ఆగే దూరం పైన చూపిన పద్ధతిలోనే కట్టండి. ఒక సెకను ఆలస్యంతో కలిపి 113 మీటర్ల దగ్గర రావాలి.