నిమిషానికో లెక్క

ప్రభుత్వ పాఠశాలల్లో ఎనిమిదవ తరగతి చదివేవారికి ఎన్.ఎం.ఎం.ఎస్. అనే ఉపకారవేతన పరీక్ష సంగతి తెలిసే ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం 2008లో ప్రారంభించిన ఈ పథకంలో ఎంపికైనవారికి తొమ్మిదవ తరగతి నుంచి ఇంటర్మీడియెట్ పూర్తయ్యేదాకా ఏడాదికి 12,000 రూపాయలు అందుతాయి. అనంతపురం మెట్టలో వేరుశనగ విత్తి వానకోసం ఆకాశంకేసి చూసే ఇంట్లో ఇది చిన్న మొత్తం కాదు. పిల్లవాణ్ణి బడి మాన్పించాలా, చదివించాలా అన్నది ఒక్కోసారి దీనిమీదే ఆధారపడుతుంది. పరీక్షలో రెండు పత్రాలు. ఒక్కొక్కదానిలో 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. అంటే ప్రశ్నకు ఒక్క నిమిషం!

ఇంత తొందరలో చేయాలంటే సూత్రాలన్నీ బట్టీపట్టాలని చాలామంది అనుకొంటారు. పెన్సిలు కదిలించేముందు “దేనిలో?” అని ప్రశ్నించుకోవడం అంతకంటె ఎక్కువ మేలు చేస్తుంది. ఎలాగో చూద్దాం.

అనంతపురం ప్రాంతంలో సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. తూర్పు తీరం దూరం కాబట్టి ఈశాన్య ఋతుపవనాలు ఇక్కడికి చేరేసరికి బలహీనపడతాయి. ఒక ఏడు వాన 20 శాతం తగ్గిందనుకొందాం. మరుసటి ఏడు ఎంత శాతం పెరిగితే మళ్లీ 550 అవుతుంది?

“20 శాతం” అనేశారా? 550లో 20 శాతం 110. మిగిలినది 440. పోయిన 110 తిరిగి రావాలి. కాని ఇప్పుడు దాన్ని 440తో పోల్చాలి. 440లో 110 నాలుగో వంతు, అంటే 25 శాతం. తగ్గేటప్పుడు శాతం 550లో, పెరిగేటప్పుడు 440లో. నిజానికి 550తో పనే లేదు. మొదటి వాన 100 అనుకోండి. 80కి తగ్గి, మళ్లీ 20 పెరగాలి. నోటితోనే తేలిపోతుంది.

ఇప్పుడు పరీక్షల్లో తరచు వచ్చే లెక్క ఒకటి. ఒక తోటలోని నీళ్ల తొట్టిని పెద్ద మోటారు 6 గంటల్లో, చిన్న మోటారు 12 గంటల్లో నింపుతాయి. రెండూ కలిసి ఎన్ని గంటల్లో నింపుతాయి? (అ) 18 (ఆ) 9 (ఇ) 4 (ఈ) 3.

కలిపితే 18, సరాసరి తీస్తే 9. ఆ పొరపాట్లు చేసేవారికోసమే వాటిని అక్కడ ఉంచారు. పెద్ద మోటారు ఒక్కటే 6 గంటల్లో నింపుతుంటే, తోడు వచ్చాక అంతకంటె ఎక్కువసేపు ఎందుకు పడుతుంది? కనుక ఆ రెండూ కొట్టేయండి. రెండవ మోటారు కూడా మొదటిదంత బలమైనదైతే సరిగ్గా 3 గంటలు పట్టేది. కాని అది బలహీనమైనది, కాబట్టి 3 కంటె ఎక్కువే. మిగిలింది 4. లెక్క చేయకుండానే జవాబు దొరికింది!

అయినా లెక్కా చూద్దాం. గంటలను కలపకూడదు, గంటలో జరిగే పనిని కలపాలి. తొట్టిలో 12 బిందెలు పడతాయనుకోండి. పెద్దది గంటకు 2 బిందెలు, చిన్నది 1 బిందె పోస్తాయి. కలిసి 3. కనుక 12 బిందెలకు 4 గంటలు. 12 ఎందుకంటే అది 6తోనూ 12తోనూ భాగింపబడుతుంది, భిన్నాల బెడద ఉండదు.

తొట్టికి చిల్లు పడి, నిండు తొట్టి 12 గంటల్లో ఖాళీ అవుతుందనుకొందాం. గంటకు 1 బిందె పోతుంది. 2 + 1 – 1 = 2, అంటే 6 గంటలు. చిన్న మోటారు తోడిన నీరంతా చిల్లుపాలేనన్నమాట. ఈ సీమలో అంత నీటిని ఎవరు వదులుకొంటారు?

ప్రయాణపు లెక్కల్లోనూ ఇదే మెలిక. బస్సు అనంతపురం నుంచి హిందూపురానికి గంటకు 60 కి.మీ. వేగంతో వెళ్లి, 40 కి.మీ. వేగంతో తిరిగి వచ్చింది. సరాసరి వేగం 50 కాదు. దూరం 120 కి.మీ. అనుకోండి (అసలు దూరం ఎంతైనా జవాబు మారదు). పోను 2 గంటలు, రాను 3 గంటలు. 240 కి.మీ.కు 5 గంటలు, అంటే గంటకు 48.

చివరగా వాన నీళ్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు నీరవుతుంది. 10 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు గల మిద్దె వైశాల్యం 80 చదరపు మీటర్లు. 550 మిల్లీమీటర్ల వానకు దానిమీద పడేది 44,000 లీటర్లు! నాలుగో వంతు వృథా అయినా 33,000 మిగులుతాయి. ఇంట్లో అయిదుగురు మనిషికి రోజుకు 40 లీటర్ల చొప్పున వాడితే రోజుకు 200 లీటర్లు, అంటే 165 రోజులకు సరిపోతాయి.

మీరు చేయవలసినది: ఆ 33,000 లీటర్లూ ఒకేసారి నిలవ చేయడానికి 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల తొట్టి కడితే లోతు ఎంత ఉండాలి? (ఒక ఘనపు మీటరు 1,000 లీటర్లు.)

జవాబు: 2 మీటర్ల 75 సెంటీమీటర్లు.